చుక్క వాళ్ళ తాత, మా పెదనాయన

మా పెదనాయన పోయాడన్న సంగతి మీలో చాలామందికి నాకంటే ముందే తెలిసింది. ఆ రోజు నేను బోగోలు హైస్కూలు గ్రౌండులో పిల్లల చేత లాంగ్ జంప్ చేయిస్తున్నాను. ఫోను స్టాఫ్ రూములో బ్యాగులో ఉంది. గేటు దగ్గర అన్నం క్యారియరు అందుకోవడానికి వెళ్ళిన తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పరిగెత్తుకుంటూ వచ్చి, "టీచర్, చుక్క వాళ్ళ తాత చచ్చిపోయినాడంట, మా అన్న ఫోన్లో వచ్చింది" అంది. దానికి అప్పటికే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. చుక్క వాళ్ళ తాత ఏమిటి, మా పెదనాయన కదా అనిపించింది. ఆ తర్వాతే ఫోను కోసం స్టాఫ్ రూముకు పరిగెత్తాను.

బస్సు దిగేసరికి అల్లూరు సెంటర్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. ఒక పక్కన తువ్వాలు తలకు చుట్టుకున్న పెదనాయన. ఆయన పక్కనే అది. పెద్ద పెద్ద కళ్ళు, జుట్టులోంచి పైకి లేచిన రెండు గుర్రపు చెవులు, నుదుటి మీద తెల్లటి చుక్క, వెనక తోక, భుజాల చుట్టూ ఎర్ర దుప్పటి. కంటి చివర ఒక కన్నీటి బొట్టు కూడా పెట్టారు. కింద ఊరి కుర్రాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మా పెద్దమ్మ పేరు లేదు, నా పేరు లేదు. ఆయన చేతుల్లో పెరిగినదాన్ని నేనైతే ఆయన పక్కన నిలబడి ఏడుస్తున్నది ఆ బొమ్మ.

ఆ బొమ్మ ఎవరో తెలియనివాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కోసం చెబుతాను. ఒకప్పుడు నిజంగా పందేల్లో పరిగెత్తిన గుర్రాలను తీసుకుని, వాటిని ఆడపిల్లలుగా మార్చి ఒక యానిమేషన్ సిరీస్ చేశారు. ఒక్కో పిల్ల వెనక ఒక్కో నిజం గుర్రం ఉంటుంది. దాని కోపతాపాలు, దాని తిండి, దాని గెలుపోటములు అన్నీ ఈ పిల్లకు వస్తాయి. అందులో చుక్క అనే పిల్ల, మద్రాసు రేసుకోర్సులో మా పెదనాయన సాకిన గుర్రం. దాని వెంట ఖాకీ నిక్కరుతో తిరిగే ముసలాయన మా పెదనాయన. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని పత్రిక నుంచి అడిగినప్పుడు, "చుక్క గురించి కూడా రాస్తారుగా మేడమ్" అన్నారు. రాయకపోతే మీరు చదవరని నాకూ తెలుసు.

పెదనాయన వయసులో ఉండగానే మద్రాసు వెళ్ళి సైసుగా చేరాడు. సైసు అంటే గుర్రం వెంట ఉండే మనిషి. దాన్ని కడగాలి, తోమాలి, మేపాలి, పొద్దున్నే నడిపించాలి, పందెం రోజున తీసుకెళ్ళి జాకీకి అప్పగించి మళ్ళీ తెచ్చుకోవాలి. ఆయన చేతి కింద చాలా గుర్రాలు నడిచాయి గానీ ఆయన నోట వచ్చేది ఒక్కదాని పేరే. కాగితాల మీద దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఏదో ఉండేదట. నుదుటి మీద తెల్ల మచ్చ చూసి ఈయన చుక్క అన్నాడు, గుర్రాల సాలలో అందరూ అదే అన్నారు. దాని పందేలు అయిపోయాక పిల్లల్ని కనడానికి ఎక్కడో ఉత్తరాది ఫారానికి లారీలో పంపించేశారు. ఇంకో గుర్రాన్ని అప్పగిస్తామంటే ఈయన ఒప్పుకోలేదు. గోనె సంచీలో బట్టలు పెట్టుకుని అల్లూరు వచ్చేశాడు. గుర్రాన్ని తెచ్చుకోలేడు కాబట్టి ఫోటో తెచ్చుకున్నాడు.

ఆ ఫోటో మా ఇంట్లో నడి గోడన ఉండేది. మామూలుగా పెళ్ళి ఫోటో తగిలించే చోటది. పెద్దమ్మతో ఆయన దిగిన పెళ్ళి ఫోటో బీరువా తలుపు లోపలి పక్కన అంటించి ఉండేది. పెద్దమ్మ ఆ గుర్రాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "సవితి" అనేది. "నా సవితికేం తక్కువ, నడి గోడన కూచునుండాది. నేను చీరల్లో ఉండా" అనేది వచ్చినవాళ్ళందరితో. మీ ఆయనకు మద్రాసులో ఇంకో సంసారం ఉండేదటగా అని ఎవరో సాగదీస్తే, "ఉండింది తల్లా, దానికి నాలుగు కాళ్ళు" అంది. ఆమెకు అది వేళాకోళం. నాకు వేళాకోళం కాలేదు.

వెంకటాచలం దగ్గర హైవే మీద మా అమ్మానాన్నలకు టిఫిన్ హోటలు ఉండేది. లారీలవాళ్ళ మధ్య ఆడపిల్ల పెరగడమెందుకని నన్ను చిన్నప్పుడే పెదనాయన ఇంట్లో పెట్టారు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను ఆ ఇంటికి పోతూ, ఇక ఇక్కడ గారాలన్నీ నావే అనుకున్నాను. వెళ్ళీ వెళ్ళగానే గోడ మీద అది కనిపించింది. కళ్ళెం పట్టుకున్న పెదనాయన కెమెరా వంక కాక దాని వంకే చూస్తున్నాడు. ఆ చూపు చూసి పసిదాన్నయినా నాకు కడుపు రగిలింది. ఒక మధ్యాహ్నం స్టూలు ఎక్కి అద్దం మీద బొగ్గుతో దానికి కొమ్ములు గీశాను. పెదనాయన చూశాడు. "మా చుక్కకి కొమ్ములు యాడియమ్మా, పాపం" అంటూ తువ్వాలుతో నిదానంగా తుడిచాడు. నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ పూటకన్నా నావైపు తిరిగి ఉండేవాడు.

నేను పరిగెత్తగలనని కనిపెట్టింది ఆయనే. కదిలిపోతున్న బడి బస్సు వెంటపడి ఎక్కడం చూసి, ఆ సాయంత్రం నా కాళ్ళు పట్టుకుని కింద నుంచి పైదాకా తడిమాడు. మర్నాటి నుంచి తెల్లారకముందే సైకిలు మీద ఇసకపల్లి బీచికి. అల వచ్చి వెనక్కి పోయిన చోట ఇసుక గట్టిపడి ఉంటుంది, దాని మీద పరిగెత్తమనేవాడు. పొడి ఇసుకలో కాలు పెడితే ఒప్పుకునేవాడు కాదు. ఆయన చెప్పేవన్నీ నిజాలేం కావు. సముద్రపు గాలి తగిలితే ఒంట్లో నెత్తురు చిక్కబడుతుందనేవాడు. పరిగెత్తే రోజు చేప తింటే కాళ్ళు జారతాయనేవాడు. చుక్క మిలిటరీ గుర్రాన్ని ఓడించిందని ఒకసారి, పోలీసు గుర్రాన్ని ఓడించిందని ఒకసారి చెప్పేవాడు. "నీ పెళ్ళాం ముందర చెప్పు ఆ మాట" అని లోపల్నించి పెద్దమ్మ అరిస్తే ఆ ఊసు మార్చేసేవాడు.

ఇప్పుడు చెప్పబోయేవి నావి. కనీసం నావని నేను అనుకున్నవి.

బెల్లం ముక్క ఇవ్వాలంటే అందరూ వేళ్ళతో పట్టుకుని ఇస్తారు. పెదనాయన అరచెయ్యి బల్లపరుపుగా చాపి, బొటనవేలు పక్కకు నొక్కిపెట్టి, దాని మధ్యలో ముక్క పెట్టి ఇచ్చేవాడు. దేవుడి ప్రసాదం ఇచ్చినట్టు ఉండేది నాకు. నేను చదువుకుంటున్న గదిలోకి చప్పుడు లేకుండా ఏనాడూ రాలేదు. వాకిట్లోనే గొంతు సవరించుకుని, "వస్తా ఉండానమ్మణ్ణీ" అని మాట వినిపించి, నాకు కనిపించే వైపు నుంచే వచ్చేవాడు. ఊళ్ళో మగవాళ్ళెవరూ ఆడపిల్ల విషయంలో అంత మర్యాద పాటించడం నేను చూడలేదు. పరుగు అయిపోయాక మోకాళ్ళ కింద చన్నీళ్ళు పోసి, చేతి వెనక భాగంతో పిక్క మీద రాసి వేడి చూసేవాడు. వేడి ఉంటే నూలు పట్టీ చుట్టేవాడు. పోటీకి ముందు బాత్రూములోకి పోతే బయట నిలబడి సన్నగా ఈల వేసేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని గానీ ఆ ఈలకు పని అయిపోయేది.

మాటలు కూడా ఉన్నాయి. "పక్కన ఎవురు పోతా ఉండారో చూడబాక. చూసినావంటే నీ అడుగు వాళ్ళదైపోద్ది" అనేవాడు, తన రెండు అరచేతులు నా కణతలకు అడ్డం పెట్టి. "గెలిచినా ఓడినా ఎంటనే కూలబడబాక. చెమటారేదాకా నడువు" అనేవాడు. ఈ రెండో మాట ఆయన ఇంట్లో కూడా పాటించేవాడు. పెద్దమ్మతో పోట్లాట వస్తే చెప్పులేసుకుని రొయ్యల గుంటల కట్ట మీద చెమటారేదాకా నడిచి, ఏమీ జరగనట్టు వచ్చి అన్నం పెట్టమనేవాడు. నేను కూడా ఇప్పుడు స్కూల్లో పిల్లలకు ఈ రెండు మాటలే చెబుతాను. నా భర్తతో మాట పెరిగినప్పుడు నేను కూడా నడుస్తాను.

ఇన్ని చేసిన మనిషి నా పందెం మాత్రం ఒక్కటీ చూడలేదు. నెల్లూరు గ్రౌండులో జిల్లా పోటీలప్పుడు నేను రెండో స్థానంలో వచ్చాను. రొమ్ము ఎగిసిపడుతుండగా ముందు వెతికింది ఆయన కోసమే. కాంపౌండు గోడ పక్కన వేరుశనక్కాయలవాడి దగ్గర, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి ముందు నిలబడితే, "అయిపోయిందా" అని అడిగాడు. ఎన్నోదానివి అని కూడా అడగలేదు, నా ముఖం చూసి బెల్లం తీశాడు. ఆ తర్వాత ఎన్ని గ్రౌండులకు వచ్చినా ఇదే తంతు. చుక్క పరుగు చూసిన కళ్ళకు మన పరుగు ఏం ఆనుతుందిలే అనుకున్నాను. నేను ఎన్నడూ చూడని, బతికుందో లేదో కూడా తెలియని ఒక గుర్రంతో పోటీపడి ప్రతిసారీ ఓడిపోయాను.

ఏళ్ళు గడిచాయి, నాకు పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది. బోగోలు నుంచి వారం వారం అల్లూరు వచ్చిపోతుండేదాన్ని. ఒక ఆదివారం వచ్చేసరికి వసారాలో జీన్స్ ప్యాంటు వేసుకున్న అమ్మాయి ఒకతె కూర్చుని బొమ్మలు గీస్తోంది. హైదరాబాదులో ఆ యానిమేషన్ కంపెనీలో పనిచేస్తుందట. పాత గుర్రాల సంగతులు వెతుక్కుంటూ మద్రాసు పోతే, చుక్క గురించి తెలియాలంటే అల్లూరు పొమ్మన్నారట. ఆమె "తాతా" అంటుంటే పెదనాయన పొంగిపోతున్నాడు. కట్టుడు పళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నా పెళ్ళి మాటలకు వచ్చినవాళ్ళ ముందు పెట్టుకోమంటే గుచ్చుకుంటాయని తీసేసిన పళ్ళవి.

గుర్రాన్ని ఆడపిల్లను చేస్తారని చెబితే ఆయనకు మొదట అర్థం కాలేదు.

"అమ్మాయా, ఆడపిల్లంటే కాళ్ళు రెండేగదా. మిగతా రెండూ ఏం చేస్తావు?"

"చేతులవుతాయి తాతా."

"అట్టయితే చేతులకి గూడా పట్టీలు కట్టాల. అయి మాత్రం దాని కాళ్ళు కాదా?"

ఆ అమ్మాయి నవ్వకుండా గీసుకుంది. పరిగెత్తడానికి వేసే చిన్న బట్టలు చూసి ఆయన ఇంకో పేచీ పెట్టాడు. "పందెం కాంగానే సలి గాలి తగలకూడదు. దుప్పటి కప్పు ముందు. ఎర్రది. మా దానికి ఎర్రదే ఉండేది" అన్నాడు. ఇవాళ మీ పిల్లలు పేచీపెట్టి కొనిపించుకుంటున్న ఎర్ర దుప్పటి అలా వచ్చిందే. ఆయన బొమ్మను నిజంగా చలి వేసే పిల్లగానే చూశాడు. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, వాళ్ళమ్మ ఎవరు అని ఆ అమ్మాయిని అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఉన్నన్ని రోజులూ పెదనాయన నోరు ఆగలేదు. నాకు ఎన్నడూ చెప్పని సంగతులు చెబుతున్నాడు. కాఫీ ఇచ్చే వంకతో నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆమె వెళ్ళేటప్పుడు, "అక్కా, తాత మీకు ఎంత దగ్గరో కదా" అంది. అవునన్నాను. లోపల మాత్రం, నా దగ్గరితనం అంతా నీ సంచీలో పెట్టుకుపోతున్నావుగా అనుకున్నాను.

సిరీస్ వచ్చింది. మొదటి భాగాలు అల్లూరులోనే, పెద్దమ్మ పక్కన కూర్చుని ఫోనులో చూశాను. చూస్తూ చూస్తూ నా ముఖం ఎలా మారిందో పెద్దమ్మ తర్వాత చెప్పింది, పాలు విరిగినట్టు మారిందట.

అందులో తాత చుక్కకు బెల్లం ఇస్తాడు. అరచెయ్యి బల్లపరుపుగా చాపి, బొటనవేలు పక్కకు నొక్కిపెట్టి. ఎందుకలా అని ఇంకో పిల్ల అడిగితే, వేళ్ళతో ఇస్తే కొరికేస్తుందమ్మా అంటాడు. తాత చుక్క గదిలోకి వచ్చే ముందు గొంతు సవరించుకుంటాడు. వెనక నుంచి చప్పుడు లేకుండా పోతే బెదిరి తంతుందట. చేతి వెనక భాగంతో పిక్క మీద వేడి చూస్తాడు. పక్కవాళ్ళు కనపడకుండా కణతలకు అడ్డం పెట్టే గంతలు చుక్క తలకు ఉంటాయి. ఈల కూడా ఉంది, గుర్రం చేత ఉచ్చ పోయించడానికి సైసులు వేసేదట. ఆ ఈల విని పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అవన్నీ ఎలాగో ఓర్చుకునేదాన్ని. పందెం ఓడి మూల కూర్చున్న చుక్క దగ్గరికి వచ్చి ఆ తాత, "లే అమ్మణ్ణీ, చెమటారేదాకా నడువు" అన్నాడు. నేను ఫోను బోర్లా పెట్టేశాను. అమ్మణ్ణి నా పేరు. నా అసలు పేరు రికార్డుల్లో ఉంటుంది, ఇది పెదనాయన ఒక్కడే పిలిచే పేరు. అది కూడా ముందు దానిదే. నాకు దక్కిన ముద్దుమురిపాలన్నీ అది వాడి విడిచినవే. అక్క గౌను చెల్లికి తొడిగినట్టు నాకు తొడిగారు. తొడిగినప్పుడు కొత్తదనుకుని ఊరంతా తిరిగాను. ఇప్పుడు నా స్కూల్లో పిల్లలు ఒకరినొకరు అమ్మణ్ణీ అని పిలుచుకుంటుంటే వినలేక విజిల్ ఊదుతున్నాను.

నేను కోపం దాచుకునే మనిషిని కాదు. ఆ వారమే వెళ్ళి అడిగేశాను. పెదనాయన పెరట్లో బర్రెను కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు.

"నన్ను గుర్రాన్ని పెంచినట్టు పెంచినావు గదా పెదనాయనా" అన్నాను.

ఆయన పీచు ఆపలేదు. "అవునమ్మా. మడిసి బిడ్డని పెంచడం నాకేం తెలుసు? తెలిసింది అదొకటే. దాంట్లో మంచిదంతా నీకు పెట్టినా."

"దాని ఎంగిలి నాకు పెట్టినావు."

"ఎంగిలేందమ్మా. చెయ్యి అలవాటు" అన్నాడు.

"సరే, దాని పందేలన్నీ చూసినావు. నాయి ఒక్కటన్నా చూసినావా? అది చెప్పు."

ఆయన బర్రెకు అవతలి పక్కకు పోయి అటు రుద్దడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ వంటింటి గడపలో నిలబడి, "గుర్రంతో నాకే సవితి పోరనుకున్నా, నీక్కూడానా" అంది. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉందని బస్సులో తిరిగి వస్తూ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నంత మాత్రాన కుళ్ళు తగ్గలేదు. ఒక ముసలి సైసు చేతికి తెలిసిన ప్రేమ ఒక్కటే రకమైతే, అది ఎవరికి మొదట అందిందన్నది ఇంకా పెద్ద సంగతవుతుంది నాలాంటిదానికి.

తర్వాత పెదనాయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. కాళ్ళు పొంగాయి. నెల్లూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపించారు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చునేవాడు, పడుకుంటే ఆయాసం. నేను సెలవు పెట్టి ఉన్నాను. సిరీస్ చివరి భాగం అప్పుడే వచ్చింది. అందులో చుక్క ఆఖరి పందెం ఉందని ఊరంతా చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ కొట్టంలో బర్రె దగ్గర ఉంది. పెదనాయన నన్ను పిలిచాడు.

"అది వచ్చిందంట గదా. పెట్టు."

ఫోనును స్టూలు మీద చెంబుకు ఆనించి పెట్టాను. నేను నేల మీద కూర్చున్నాను. మొదట్లో నడకలు, మాటలు అన్నీ చూశాడు, నవ్వాడు కూడా. పందెం గేటు కనిపించగానే నన్ను పట్టుకుని లేచి, కుర్చీని ఈడ్చి తిప్పుకున్నాడు. ఫోను ఆయన వీపు వెనక్కి పోయింది, నాకు ఎదురుగా కూర్చున్నాడు. అంతకుముందు భాగాలు చూసేటప్పుడు కూడా పందెం వచ్చేసరికి ఏదో పనున్నట్టు లేచిపోయేవాడు. పెద్దవాడు, బయటికి పోవలసి వచ్చిందేమో అనుకునేదాన్ని.

"కనపడదు పెదనాయనా, ఇటు తిరుగు."

"నాకొద్దు. నువ్వు చూడు."

"నీ చుక్క పందెమేగదా. చూసిందేగా నువ్వు."

"నేనేడ చూసినా" అన్నాడు. ఊపిరి తీసుకుని, ఆగి ఆగి చెప్పాడు. "గేటు కాడ ఇడిచిపెట్టి ఈపు తిప్పుకొని నిలబడేవాణ్ణి. ఒకసారి ఇంకొకళ్ళ గుర్రం నా కళ్ళముందర కాలు మడిచి పడింది. లేపలేదు దాన్ని. అప్పట్నించి నేను పందెం చూళ్ళేదు. కంచె పట్టుకోని చూసేవాళ్ళ మొకాలు చూసేవాణ్ణి. ఆ మొకాల్లో తెలిసిపొయ్యేది, మాది యాడుండాదో."

"ఒక్కటి కూడా చూడలేదా?"

"ఒక్కటీ చూళ్ళేదు. నీయి మాత్రం చూసినానా?"

ఫోనులో గేట్లు తెరుచుకున్నాయి.

"ఈ పందెం రోజు వానమ్మా" అన్నాడు ఆయన. "అందురూ గొడుగులు ఏసుకునుండారు. ఒక్క మొకం కనపళ్ళేదు. రెండోదిగా వచ్చిందని చెప్పినారు. ఎట్టా పరిగెత్తిందో ఇంతవరకూ నాకు తెలీదు. నువ్వు చూడమ్మణ్ణీ."

చూశాను. బొమ్మల వానలో ఆ పిల్ల అందరికంటే వెనక ఉంది. నుదుటి మీది చుక్క బురదకు కనిపించడం లేదు. చిన్నప్పటి నుంచీ అది ఓడిపోవాలని కోరుకున్నదాన్ని నేను. ఏ పందెంలోనో పడిపోయి ఉంటే, దాన్ని మర్చిపోయి నావైపు తిరిగి ఉండేవాడు కదా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు అది మలుపులో లోపలి పక్క నుంచి దూరుతుంటే నా అరికాళ్ళు నేలను నొక్కుతున్నాయి. పళ్ళు పెదవి మీదికి పోయాయి. పక్కకు చూడబాక అని నోట్లోనే అంటున్నాను.

పెదనాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. ఆయాసం కూడా ఆపుకున్నట్టున్నాడు. నా కళ్ళు ఎటు కదిలితే ఆయన కళ్ళు అటు కదులుతున్నాయి.

"మలుపు దాటింది" అన్నాడు మెల్లగా. నేను చెప్పలేదు.

"దారిచ్చినారు" అన్నాడు.

నా కళ్ళు నిండాయి, తుడుచుకుంటే ఆయనకు అడ్డం వస్తుందని చెయ్యి ఎత్తలేదు. చుక్క ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. ముందున్న పిల్ల భుజం దాకా వచ్చింది. గీత దగ్గర ముక్కంత తేడాతో రెండోదైంది. నేను ఊపిరి వదిలాను. ఆయన కూడా వదిలాడు.

"అట్టనా పరిగెత్తింది" అన్నాడు. "బాగా పరిగెత్తింది."

పాట వచ్చి పేర్లు పడ్డాయి. అవి కూడా అయిపోయి ఫోనులో ఇంకేదో వంటల వీడియో దానంతటదే మొదలైంది. ఎవరో ఆవిడ ఉల్లిపాయలు ఎలా తరగాలో చెబుతోంది. కట్టేయడానికి నేను లేవలేదు. పెదనాయన ఇంకా నా ముఖమే చూస్తున్నాడు.